ఒక అమ్మాయి తక్కువ

పెన్నును చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించింది. లోపలి సన్నటి తీగ టిక్కుటిక్కుమంది. చప్పుడొస్తే ఇంకు దిగుతున్నట్టు, రాకపోతే గడ్డకట్టినట్టు. గడ్డకట్టిన పెన్నును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి, బతిమాలాలి, ఒక్కోసారి తిట్టాలి కూడా. ఇవాళ మూడు పెన్నులూ బుద్ధిగా పలికాయి. వాటి మొనలు మెత్తటి పేలికతో తుడిచి, సన్నది, మధ్యది, లావుది వరసగా పెట్టుకుని, చిత్తు కాగితాల బొత్తి ముందుకు లాక్కుంది.

ఆ గదిలో ఏ గీతా నేరుగా అసలు కాగితం మీద పడదు. ముందు చిత్తు మీద మూడు గీతలు గీసి, ఇంకు సమంగా పారుతోందో లేదో చూసుకోవాలి. చిత్తు కాగితాలు పక్క గదిలోంచి వస్తాయి. పాఠ్యపుస్తకాల ఆఫీసుకు వచ్చే ఉత్తరాల్లో జవాబు అక్కర్లేదని ఎడిటరు గారు తేల్చినవన్నీ నెలకోసారి ఈ బల్ల మీదికి చేరతాయి. ఒకవైపు జనం గోడు, రెండోవైపు ఆమె గీతలు.

ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతుంది. ముప్పై నాలుగేళ్లు. హైస్కూలు లెక్కల పుస్తకాల్లో కనిపించే బొమ్మలన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. పుస్తకం రాసే మాస్టార్లు పెన్సిలుతో గజిబిజిగా గీసి పంపుతారు. దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఇంకుతో శుభ్రంగా దింపడం ఆమె పని. కొలబద్ద ఎంత తిన్నగా ఉంటుందో ఆమె అంత తిన్నగా ఉంటుందనీ, రోజంతా కోణాలతోనే కాపురమనీ ఆఫీసులో అందరూ ఆమెను కోణాలమ్మ అంటారు. కొత్తగా చేరినవాళ్లు అదేదో ఊరి దేవత పేరనుకుని మొదట్లో కాస్త భయపడేవాళ్లు. తర్వాత ఆమెను చూసి నవ్వుకునేవాళ్లు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. కుడిచేతి మధ్యవేలు పక్కన శనగగింజంత కాయ. ఎవరైనా గదిలోకి వస్తే ముందు గీత పూర్తిచేసి, ఆ తర్వాతే తలెత్తేది.

త్రికోణమితి అధ్యాయం ఒక్కదానికే ఆమె గీసిన త్రిభుజాలు వేలల్లో ఉంటాయి. గోడకు ఆనించిన నిచ్చెన. గాలికి విరిగి కొన నేలకు వాలిన చెట్టు. దీపస్తంభం మీంచి ఓడను చూసే మనిషి. నిచ్చెన కర్ణం, గోడ ఎదుటి భుజం, నేల పక్క భుజం. వంటింట్లో డబ్బాల పేర్లంత అలవాటు ఆమెకవి. పైకి చూస్తే ఊర్ధ్వకోణం, కిందికి చూస్తే నిమ్నకోణం. ఏ కోణం పక్కన ఏ అక్షరం పడాలో చీకట్లో అడిగినా చెబుతుంది. కాని ఆ త్రిభుజాల్లో ఒక్కదాని లెక్క చేసిన పాపాన పోలేదు. తన చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. వడ్డించేవాడు పంక్తిలో కూర్చోడు కదా అనేది, ఎవరైనా అడిగితే.

కొత్త ముద్రణకు బొమ్మలన్నీ సిద్ధంగా ఉన్నాయి. అంకెలు సరిచూసి, సాయంత్రం నాలుగింటికి కట్టను కిందనున్న ప్రెస్సుకు దింపాలి. అక్కడ వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత ట్రేసింగులకు పని లేదు. బీరువా తాళం పడుతుంది. ఈ పుస్తకం ఇంకో ఆరేళ్లు నడుస్తుంది. ఆ తర్వాత ఏ బొమ్మ కావాలన్నా కంప్యూటరే తీసిస్తుంది, ఉన్నదున్నట్టు.

సన్నటి పెన్ను తీసి చిత్తు మీద ఒక గీత గీసింది. రెండో గీత గీయబోతుంటే, పల్చటి కాగితం అవతలివైపు నుంచి ఏదో బొమ్మ మసకగా కనిపించింది. ఒక నిలువు, ఒక అడ్డం, ఒక ఏటవాలు. తన పిల్లల్లాంటి బొమ్మల్లో ఒకదాన్ని దారిలో ఎవరో ఎత్తుకుపోతున్నట్టనిపించి కాగితం తిప్పింది.

ఎవరో బాల్ పెన్నుతో త్రికోణమితి అధ్యాయంలోని ఏడో బొమ్మను చూసి గీశారు. కింద గుండ్రటి ఆడపిల్లల చేతిరాత.

'పుస్తకం వారికి నమస్కారాలు. మేము పదో తరగతి బి సెక్షను అమ్మాయిలం. త్రికోణమితిలో ఏడో లెక్క మీద మాకు అనుమానం వచ్చింది. మా బడిలో నీళ్ల ట్యాంకు ఉంది. కోణమానికి దారం కట్టి, దారానికి రాయి కట్టి, ట్యాంకు పైకొన నలభై అయిదు డిగ్రీల్లో కనపడేదాకా వెనక్కి నడిచాం. టేపుతో కొలిస్తే పదహారు మీటర్ల దూరం వచ్చింది. మీ పుస్తకం ప్రకారం ఎత్తు కూడా పదహారే ఉండాలి. పంపు నడిపే మామయ్య పైకెక్కి తాడు వదిలాడు. పదిహేడున్నర వచ్చింది. మూడుసార్లు వదిలాడు. నాలుగోసారి తిట్టాడు. కోణం చూసిన అమ్మాయికి నేల నుంచి కంటిదాకా ఒకటిన్నర మీటరు. మీ బొమ్మలో చూపు పాదాల దగ్గర మొదలవుతోంది. మేము పాదాలతో చూడం. అందుచేత మీ జవాబులో ఒక అమ్మాయి తక్కువ వస్తోంది. దయచేసి కలపగలరు.'

పైన ఎడిటరు గారి పచ్చ ఇంకు. 'జవాబు అక్కర్లేదు.'

రెండుసార్లు చదివింది. మొదటిసారి నవ్వొచ్చింది, తాడు దగ్గర. రెండోసారి రాలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్లింది.

ఏడో బొమ్మ ట్రేసింగు అంచులు పచ్చబడి ఉంది. వెనక గుండుసూదితో మాస్టారి పెన్సిలు కాగితం ఇంకా అలాగే ఉంది. లైటు బల్ల మీద పెట్టి స్విచ్చి వేసింది. నీళ్ల ట్యాంకు, నేల, ట్యాంకుకు దూరంగా రెండు జడల అమ్మాయి. అమ్మాయి పాదాల దగ్గర నుంచి ట్యాంకు పైకొనకు చుక్కలు చుక్కలుగా దృష్టిరేఖ. కోణం దగ్గర 45 డిగ్రీలు. కింద లెక్క: 1.4 మీటర్ల ఎత్తున్న ఒక బాలిక నీళ్ల ట్యాంకుకు 20 మీటర్ల దూరంలో నిలబడి చూసింది. ట్యాంకు ఎత్తెంత?

కాగితాన్ని కొంచెం వాల్చి వెలుగుకు అడ్డంగా చూసింది. అప్పుడు కనిపించింది. అమ్మాయి కంటి దగ్గర నుంచి, చెంప మీదుగా, జడ మీదుగా, పైకి పోయే ఒక సన్నటి మెరుపు. ఇంకు లేదు. బ్లేడుతో గీకిన చోట కాగితం నునుపెక్కి మెరుస్తుంది. ట్రేసింగు కాగితం మీద చేసిన పని చెరిపితే చెరుగుతుంది కాని పోదు. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

ఇరవై ఒక్క ఏళ్ల కిందటి మాట. పరిశీలకుడు అని లెక్కలో వస్తే ఒక చుక్క పెట్టాలి, లేదా పుల్లలాంటి మనిషిని గీయాలి. అదీ నియమం. ఆ ఒక్కసారే ఆమె నియమం దాటింది. సెలవురోజు ఇంటి వరండాలో కూతుర్ని నిలబెట్టి చిన్నగా దింపింది. కూతురికప్పుడు పద్నాలుగు నిండాయి. "కదలకే" అంటే, "ఎంతసేపమ్మా, కదలకుండా ఉండడానికి నేనేమైనా ట్యాంకునా?" అంది. అన్నదే కాని తల్లి వైపు చూస్తూ నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు బియ్యపుగింజంత ముఖంలో ఎలాగో పడింది. ఆఫీసుకు తెచ్చి ట్యాంకు పక్కన అతికించినట్టు గీసి, మాస్టారి పెన్సిలు చూసుకుంటూ దృష్టిరేఖ కంటి నుంచి లాగింది. లాగాక చూస్తే గీత బుగ్గ మీదుగా పోయింది, కత్తిగాటు పడ్డట్టు. పిల్ల ముఖం మీద గాటు. చెయ్యి ఒప్పుకోలేదు. బ్లేడు తీసి గీకింది, గోరుతో నునుపు చేసింది, గీతను కిందికి దించి పాదాల దగ్గర నుంచి గీసింది. ముఖం కడిగినట్టయింది. కింద ప్రెస్సులో అక్షరాలు కూర్చే భర్త మొదటి ప్రూఫు చూసి, "ఈ పిల్ల మన పిల్లలా ఉందే" అన్నాడు. అది చాలనుకుంది.

మాస్టారి పెన్సిలు కాగితం తిప్పింది. ఆయన గీత కంటి నుంచే ఉంది. అడుగున ఆయన రాసిన జవాబు 21.4. దాన్ని కొట్టేసి, లెక్కలు సరిచూసే అప్పటి ఉద్యోగి పచ్చ ఇంకుతో రాశాడు. 'బొమ్మ ప్రకారం 20.'

బల్ల దీపం వేడి అరచేతులకు తగులుతోంది. ఆర్పకుండా అలాగే కూర్చుంది. ఇంకో కాగితం గుర్తొచ్చింది. అది ఈ బీరువాలో లేదు, ఎక్కడా లేదు. ఆ మరుసటి ఏడు ఒక సాయంత్రం కూతురు తెచ్చి చూపించిన పరీక్ష కాగితం. ఏడో లెక్కకు సున్నా.

"అమ్మా, నాదే రైటు. నువ్వే చూడు."

తను పొయ్యి దగ్గర ఉంది. తలెత్తలేదు. "పుస్తకం తప్పూ, నువ్వు రైటూనా? ఆ బొమ్మ గీసిందెవరు?"

"నువ్వే."

"మరి?"

అంతే. ఆ 'మరి' దగ్గర ఆగిపోయింది. "పిల్ల చెప్పేది ఒకసారి వినరాదూ" అన్నాడు భర్త. పొయ్యి మీద ఏదో పొంగుతోంది, అటు తిరిగింది. ఆ తర్వాత కూతురు లెక్కల గురించి ఇంట్లో నోరెత్తలేదు. పదో తరగతి గట్టెక్కి, లెక్కలు లేని చదువేదో చదివి, కుట్టుపని నేర్చుకుని, పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో కొట్టు పెట్టుకుంది. నాకు లెక్కలు రావులే అని పదిమందిలో నవ్వుతూ అనేది. తల్లి పక్కనుంటే కొంచెం గట్టిగా అనేది.

మధ్యాహ్నం డబ్బా తీసుకుని మెట్ల మీదికి వెళ్లింది. భర్త ఉన్నన్నాళ్లూ ఇద్దరూ అక్కడే తినేవాళ్లు. ఆయన పోయి పదకొండేళ్లయినా ఆమె కుడిపక్క చోటు వదిలే కూర్చుంటుంది. డబ్బా మూత తియ్యకుండా ఫోను తీసింది.

"ఏంటమ్మా ఈ వేళప్పుడు? సన్మానం అప్పుడే అయిపోయిందా?" కూతురి గొంతు వెనక కుట్టుమిషను గడగడ.

"సన్మానమూ లేదు, సింహాసనమూ లేదు. సాయంత్రం ఒక టీ పోసి పొమ్మంటారు. నిన్నొకటి అడుగుతాను, నవ్వకూడదు."

"మాటివ్వలేను. అడుగు."

"నలభై అయిదు డిగ్రీలంటే ఏంటే?"

మిషను ఆగింది.

"నువ్వు నన్ను అడుగుతున్నావా?"

"గీశాను కాని ఎప్పుడూ చెయ్యలేదే. అర్థమయ్యేటట్టు చెప్పు."

తర్వాత గుడ్డ దులిపిన చప్పుడు. "నలుచదరం గుడ్డ మూలకి మూల కలిపి మడిచావనుకో. ఆ మడత ఏటవాలు నలభై అయిదు. పక్కకి ఎంత జరిగిందో పైకీ అంతే లేస్తుంది. పైకి లేచినదాన్ని పక్కకి జరిగినదానితో భాగిస్తే వచ్చేదాన్ని టాన్ అంటారు. రెండూ సమానం కాబట్టి టాన్ నలభై అయిదు ఒకటి. అంటే ట్యాంకుకి ఎంత దూరంలో నిలబడ్డావో, కంటికి పైన ట్యాంకు అంత ఉంటుంది."

"అరవై అయితే?"

"ఇంకా నిట్టనిలువుగా లేస్తుంది. ఒకటికి ఒకటిముప్పావు, కాస్త తక్కువ. గౌనుకి కలీలు, అదే ఏటవాలు ముక్కలు, కోసినప్పుడల్లా నేను చేసేది అదేగా. పేరు పెట్టి పిలవను, అంతే."

"నువ్వు కంటికి పైన అన్నావు."

"అవును మరి. కన్ను ఎక్కడుంటే త్రిభుజం అక్కడ మొదలవుతుంది. కన్ను కిందున్నది త్రిభుజం కాదమ్మా, మనిషి. ఆ మనిషిని చివర్లో కలుపుకోవాలి. ఇరవై ప్లస్ ఒకటి పాయింటు నాలుగు."

తను ఆ అంకెలు చెప్పలేదు. డబ్బా మూత మీద వేలు ఆగిపోయింది. "నీకు గుర్తుందా ఆ లెక్క?"

"ఎందుకు గుర్తుండదు? అందులో నిలబడింది నేనే కదా. నన్ను నిలబెట్టి గీశావు, నన్నే కలపలేదు."

కోపంగా అనలేదు. సూది నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు, పెదాల చివర నుంచి అంది. అందుకే ఇంకా లోపలికి దిగింది.

"నీదే రైటు" అంది తల్లి.

"ఏంటీ? మిషను చప్పుడు, వినపడలేదు."

"మిషను ఎప్పుడో ఆపేశావు."

"అయినా సరే. ఇంకోసారి చెప్పు."

"నీదే రైటే. ఆ రోజు నేను వినాల్సింది."

అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు, వెంటనే చిన్న నవ్వు. "సరే, విన్నాను. వచ్చే ఏడు నీ మనవరాలికి ఆ పుస్తకమే. నాలాగా సరేలే అని ఊరుకునే రకం కాదది. నీ దగ్గరికొచ్చి కూర్చుంటుంది, లేవదు. చూసుకో మరి."

డబ్బా తినకుండానే మూత మళ్లీ బిగించి లోపలికి వెళ్లింది.

ఎడిటరు గారికి వెనకాల పేరు కామా. ఊపిరి పీల్చుకోవాల్సిన చోటల్లా ఒకటి పెడతాడు. ఆమె కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. తలుపు దగ్గర ఆమెను చూసి కాగితం ఎత్తి చూపించాడు.

"రండమ్మా. మీ గురించే రాస్తున్నాను. 'ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, సవరణల పుస్తకంలో, ఒక్క ఎర్ర సంతకం, లేకుండా.' ఎలా ఉంది?"

"కామాలు ఎక్కువయ్యాయి సార్" అని, అమ్మాయిల ఉత్తరం, ట్రేసింగు, పెన్సిలు కాగితం మూడూ ఆయన ముందు పరిచింది. వెలుగుకు పట్టి గీకిన జాడ చూపించింది. లెక్క తనే చెప్పింది. జీవితంలో మొదటిసారి ఒక లెక్కను పైనుంచి కిందిదాకా, తడబడకుండా, కూతురు చెప్పిన మడతతో సహా చెప్పింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగలేదే."

"అడిగారు సార్. ఒకమ్మాయి అడిగింది. వాళ్లమ్మ వినలేదు."

ఆయనకు అర్థం కాలేదు. "జవాబు మారాలంటే కమిటీ కూర్చోవాలి. వాళ్లని కూర్చోబెట్టడానికి ఆర్నెల్లు. కట్ట నాలుగింటికి దిగిపోతుంది. ఇంక దారి ఒక్కటే, అది మీకూ తెలుసు."

తెలుసు. ఆ ఆఫీసులో బొమ్మ దింపడంలో పొరపాటు జరిగితే దింపినవాళ్లే సవరణల పుస్తకంలో ఎర్ర ఇంకుతో తప్పూ, కారణమూ రాసి సంతకం పెట్టాలి. అప్పుడు కమిటీ అక్కర్లేదు. వేరేవాళ్లు రాస్తే చెల్లదు. ఇవాళ సాయంత్రం తర్వాత ఆమె కూడా ఆ ఆఫీసు మనిషి కాదు.

"మీరు రాయొద్దమ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆ పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి. నాది పదకొండు చోట్ల. మీది లేదు. పోయేరోజున ఎందుకు చెప్పండి?"

ఆమెకు ప్రమోషను రాలేదు. పుస్తకాల మొదటి పేజీలో రాసినవాళ్ల పేర్లుంటాయి, చూసినవాళ్ల పేర్లుంటాయి. గీసినవాళ్ల పేరు ఉండదు. ఏ కాగితంలో వెతికినా తన పేరు కనిపించని ఆఫీసులో, కనిపించకపోవడమే గొప్పగా చెప్పుకోగల చోటు ఆ పుస్తకం ఒక్కటే. భర్తకు చెప్పుకునేది, ఇంకా లేదు చూశారా అని. ఆయన పోయాక తనకు తానే చెప్పుకునేది.

పుస్తకం బల్ల మీదే ఉంది. ఎర్ర పెన్ను దాని వీపుకు దారంతో కట్టి ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

'తప్పు: దృష్టిరేఖ కంటి నుంచి కాక పాదాల నుంచి గీయడం. అందువల్ల జవాబు 21.4కు బదులు 20 అయింది. కారణం: పిల్ల ముఖం మీద గీత పడకూడదనుకున్నాను.'

సంతకం పెట్టి అద్దుడు కాగితం ఒత్తింది.

ఆయన తిప్పుకుని చదివాడు. కారణం దగ్గర చాలాసేపు ఆగాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడికి రాకముందు ఎనిమిదేళ్లు బళ్లో లెక్కలు చెప్పానమ్మా. ఇదే పుస్తకం. ఆ ఒకటి పాయింటు నాలుగు ఎందుకిచ్చారు సార్ అని పిల్లలు అడిగేవాళ్లు. మిమ్మల్ని తికమక పెట్టడానికర్రా, పట్టించుకోకండి అనేవాణ్ణి. ఒక్క ఏడూ ఆలోచించలేదు."

ఎర్ర పెన్ను అందుకుని ఆమె సంతకం కింద తనది పెట్టాడు. "పన్నెండు" అన్నాడు. తర్వాత ఉత్తరం మీది తన పచ్చ మాటలు కొట్టేసి, ఉత్తరం ఆమెకే ఇచ్చాడు. "దీనికి జవాబు మీరు రాస్తేనే బాగుంటుంది."

జవాబుల పేజీకి అచ్చు ప్లేటు అప్పటికే తయారైపోయింది. మళ్లీ చెయ్యాలంటే ప్రెస్సు ఫోర్‌మన్ ఒప్పుకోవాలి. ఇంకు మరకల చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"పోయేరోజు కూడా నా ప్రాణం తీసే పోతావా అక్కా?"

"నీ ప్రాణం నాకెందుకు తమ్ముడూ. జవాబుల పేజీ ఇంకోసారి చెయ్యి, చాలు."

"ఒక్క అంకె కోసం మొత్తం ప్లేటా? తేడా మీటరూ నలభై. ట్యాంకు అంత ట్యాంకులో మీటరూ నలభై ఎవడు చూస్తాడు?"

"నువ్వెంత పొడుగు?"

"అయిదడుగుల అయిదు. ఎందుకు?"

"మీటరూ అరవై అయిదు. అంత తేడాకి ఏముందిలే అని నిన్ను తీసేసి ప్రెస్సు నడిపితే?"

"నన్ను తీసేస్తేనే బాగా నడుస్తుందంటున్నారు కింద వెధవలు" అని గొణుగుతూనే కాగితం లాక్కున్నాడు. మెట్లు సగం దిగి, మళ్లీ తల పైకెత్తాడు. "బొమ్మ నాలుగింటికి రావాలి. నాలుగూ అయిదుకి తెస్తే నేను ఇరవయ్యే వేస్తా."

మూడుంపావు అయింది. కొత్త ట్రేసింగు కాగితం పరిచి నాలుగు మూలలా టేపు అంటించింది. ట్యాంకు దింపింది, నేల దింపింది. అమ్మాయి దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. గీత కంటి నుంచే పోవాలి. పోతే మళ్లీ బుగ్గ మీదే పడుతుంది.

పెన్ను పక్కన పెట్టి పాత బొమ్మను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఇరవై ఒక్క ఏళ్లూ వేలమంది పిల్లలు చూసి కూడా పట్టించుకోని సంగతి అప్పుడు తోచింది. ఆ పిల్ల ట్యాంకు వైపు చూడనే లేదు. గీస్తున్న అమ్మ వైపు చూస్తోంది. ట్యాంకును చూసేది అటు తిరిగి నిలబడాలి కదా. అటు తిరిగితే గీత ముఖం మీద పడదు. కంటి ముందు నుంచి, దారిలో దేనికీ తగలకుండా పోతుంది.

సన్నటి పెన్ను తీసుకుంది. నుదురు, ముక్కు, కొంచెం ఎత్తిన గడ్డం. వెనక్కి జారిన ఒక జడ, రెండోది అవతలి భుజం మీద ఉన్నట్టే లెక్క. నవ్వు కనిపించదు. బుగ్గ ఉబ్బడంలో కొద్దిగా తెలుస్తుంది, తెలిసినవాళ్లకు. కంటి దగ్గర నుంచి నేలకు సమాంతరంగా ఒక గీత ట్యాంకు దాకా. ఆ గీత మీద నలభై అయిదు డిగ్రీల త్రిభుజం. గీత కింద, అమ్మాయి నిలబడ్డ మేర, రెండు బాణాల మధ్య 1.4. కొలబద్ద ఆనించి, ఊపిరి బిగబట్టి, చుక్కలు చుక్కలుగా దృష్టిరేఖ లాగింది. చివరి చుక్క ట్యాంకు కొన మీద సరిగ్గా కూర్చుంది.

నాలుగుకు పది నిమిషాలుండగా కట్ట దిగింది.

మిగిలిన పది నిమిషాల్లో ఉత్తరం రాసింది. 'బి సెక్షను అమ్మాయిలకు. మీ లెక్క సరైనది. తప్పు నాది. పుస్తకంలో ఆ అమ్మాయిని కలిపాం. వచ్చే ఏడు మీ చెల్లెళ్లు చూస్తారు. తాడు వదిలిన మామయ్యకు నా నమస్కారం చెప్పండి.' కింద తన పేరు పూర్తిగా రాసి, పక్కన కోణాలమ్మ అని కూడా రాసింది, బ్రాకెట్లో.

అయిదింటికి టీ ఇచ్చారు. ఎడిటరు గారు కాగితం చేతిలో పట్టుకునే లేచాడు కాని చదవలేదు. "ఈమె ముప్పై నాలుగేళ్లలో ఒకే ఒక్కసారి ఎర్ర సంతకం పెట్టింది. అది ఇవాళ. దాని కింద నాదీ పెట్టాను. నాకు గర్వంగా ఉంది" అని కూర్చున్నాడు. ఒక్క కామా లేదు. ఫోర్‌మన్ టీ గ్లాసుతో వెనక నిలబడి, "ఇరవై ఒకటి పాయింటు నాలుగు" అని ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. ఆమె తల ఊపింది. మూడు పెన్నులూ కడిగి పేలికలో చుట్టి సంచిలో వేసుకుంది. డబ్బా వేసుకుంది. బీరువా తాళం బల్ల మీద పెట్టింది. ఎండ ఏటవాలుగా వరండాలో పడుతోంది. తన నీడ తనంతే ఉందా అని ఒక అడుగు ఆగి చూసుకుని, నవ్వుకుని, మెట్లు దిగింది. మధ్యాహ్నం తినని అన్నం బస్సులో తినొచ్చా అని దారిలో కూతురికి ఫోను చేసింది.

మర్నాడు పొద్దున్నే కంప్యూటరు వచ్చింది. బల్లను నలుగురు పట్టి గోడ నుంచి లాగారు. వెనక దుమ్ము, ఎండిపోయిన ఇంకు మూత ఒకటి. ఊడ్చే ఆమె చీపురుతో లోపలికంటా లాగితే, నేల మీద ఒక చెక్క తగిలింది. ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్లు అందక, ఎప్పుడో కోణాలమ్మ తెచ్చి వేసుకున్న చెక్క. ఎత్తడానికి వంగిన ఊడ్చే ఆమె ఎత్తకుండానే ఆగింది. రంగు పోయిన ఆ చెక్క మధ్యలో, పక్కపక్కనే, రెండు చిన్న పాదాల మేర మాత్రం నునుపుగా, కొంచెం లోతుగా అరిగి ఉంది.